నీహారిక చిక్కాలంటే.. ఓపిక పట్టాలి
డీఎస్‌ఎల్‌ఆర్ చిత్రాల్లో మచ్చలను తగ్గించే మార్గాలు

కల్వకుర్తి: మృగశిర, ఆరుద్ర కార్తెల పేర్లు తెలియని రైతు ఉండడు. ఆ పేర్లుగల నక్షత్రాలు ఓరియన్ మండలంలో ఉన్నాయి. జూన్‌లో సూర్యుడు ఆ దిశకు చేరువలో ఉంటాడు కనుక అవి కానరావు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మాత్రం రాత్రివేళ స్పష్టంగా దర్శనమిస్తాయి. ఆ మండలం నడుమ వరుసగా నిలిచిన మూడు చుక్కలకు దక్షిణాన మసకగా కనిపించేదే ఓరియన్ నీహారిక. 1,300 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో, కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయు ధూళి మేఘమది.

సాధారణ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాకూ ఇది చిక్కుతుంది. అయితే తొలిసారి ప్రయత్నించినవారికి తరచూ రంగుల ఇసుక చల్లినట్లున్న చిత్రమే దక్కుతుంది. దీనినే ‘నాయిస్’ అంటారు. కెమెరా లోపమని భావించి ఖరీదైనది కొనేముందు అసలు కారణాలు తెలుసుకోవడం మేలు.

మచ్చలు ఎందుకు వస్తాయి?
మొదటి కారణం కాంతి కొరత. భారీ వర్షంలో వాకిట్లోని గిన్నెలన్నీ ఇంచుమించు సమానంగా నిండుతాయి. తుంపరలో ఒకదానిలో నాలుగు చినుకులు పడితే పక్కదానిలో ఒక్కటే పడవచ్చు. సెన్సర్‌పై పడే మసక కాంతిదీ ఇదే తీరు. రెండోది వేడి. సెన్సర్ ఉష్ణోగ్రత 6 నుంచి 8 డిగ్రీలు పెరిగితే వేడివల్ల పుట్టే అనవసర సంకేతం దాదాపు రెట్టింపవుతుంది. మూడోది కెమెరాలోని విద్యుత్ వలయాలు. ఐఎస్‌ఓ పెంచినంత మాత్రాన కాంతి పెరగదు. చాలా కెమెరాలకు 800 నుంచి 1600 సరిపోతుంది.

వంద చిత్రాలు.. ఒక్క ఫలితం
ఒకే చిత్రంతో తృప్తిపడక అనేకం తీసి కలపడమే ప్రధాన పరిష్కారం. నీహారిక ప్రతి చిత్రంలోనూ ఉంటుంది, మచ్చలు మాత్రం చోటు మారుతుంటాయి. నక్షత్రాల ఆధారంగా చిత్రాలను సరిచేసి సగటు తీస్తే మచ్చలు అణగిపోతాయి. 16 చిత్రాలు కలిపితే నాయిస్ నాలుగో వంతుకు, 100 కలిపితే పదో వంతుకు తగ్గుతుంది. చిన్న సెన్సర్ కెమెరాకు 50 మి.మీ. కటకం అమర్చి, కదలని స్టాండుపై 5 సెకన్ల చొప్పున 100 చిత్రాలు తీస్తే, 8 నిమిషాలకు పైగా కాంతి సేకరించినట్లే. చిత్రాలను ‘రా’ పద్ధతిలోనే భద్రపరచాలి. వాటిని కలిపేందుకు డీప్‌స్కైస్టాకర్, సిరిల్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా లభిస్తాయి.

మూత పెట్టి తీయాలి
వేడివల్ల ఎప్పుడూ ఒకేచోట వెలిగే చుక్కలకు మందు వేరు. కటకానికి మూత పెట్టి అదే ఐఎస్‌ఓ, అదే సమయంతో 20 నుంచి 30 చీకటి చిత్రాలు తీయాలి. వాటి సగటును అసలు చిత్రాల నుంచి సాఫ్ట్‌వేర్ తీసివేస్తుంది. అయితే వీటిని అదే చలిలో, అక్కడే తీయాలి. మరునాడు ఇంట్లో తీస్తే ఉష్ణోగ్రత మారి ప్రయోజనం తగ్గుతుంది. కెమెరాలోని దీర్ఘ ఎక్స్‌పోజర్ నాయిస్ తగ్గింపు సౌకర్యాన్ని ఆపివేయాలి. లేకుంటే సగం సమయం దానికే పోతుంది.

చీకటే పెట్టుబడి
వీధిదీపాల వెలుగు ఆకాశాన్ని తెల్లబరిచి నాయిస్‌ను పెంచుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్ వద్ద నెలకొల్పడానికి కారణమూ చీకటే. అంతకుముందే హైదరాబాద్‌లోని నిజామియా వేధశాలలో గాజు పలకలపై ఆకాశాన్ని చిత్రించి, 1914-46 మధ్య 7.6 లక్షలకు పైగా నక్షత్రాలను నమోదు చేశారు. ఓపికతో ఆకాశాన్ని చిత్రించడం ఈ నేలకు కొత్త కాదు.

కల్వకుర్తి నుంచి నల్లమల వైపు సాగేకొద్దీ చీకటి చిక్కనవుతుంది. అయితే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి రాకపోకలపై ఆంక్షలున్నాయి. అంతదూరం పోనవసరం లేదు. అమావాస్యకు అటూఇటూ, వీధిదీపం కానరాని పొలం చాలు. రైతు అనుమతి తీసుకోవాలి, విషపురుగుల పట్ల జాగ్రత్త వహించాలి.

చివరగా ఒక హెచ్చరిక. కంప్యూటరులో మచ్చలను అతిగా నునుపు చేస్తే నీహారికలోని సన్నని పోగులూ చెరిగిపోతాయి. సేకరించని కాంతిని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు.