సైట్ లేని విల్లుకు గురి ఎలా కుదురుతుంది?

సంప్రదాయ విలువిద్యలో విల్లుకు గురి చూపే సాధనమేదీ ఉండదు. ఒలింపిక్ పోటీల్లో కనిపించే రికర్వ్ విల్లుకు సైట్, స్టెబిలైజర్, క్లిక్కర్ అమర్చి ఉంటాయి. కాంపౌండ్ విల్లుకు సైట్, స్టెబిలైజర్‌లకు తోడు చిన్న చక్రాలు, భూతద్దం, రిలీజ్ మీట కూడా ఉంటాయి. ఇంగ్లండులో పేరుపొందిన లాంగ్ బో, సాదా చెక్క రికర్వ్, మన దేశంలో ఇండియన్ రౌండ్ పోటీల్లో 30, 50 మీటర్ల దూరాలకు వాడే వెదురు విల్లు, నల్లమల చెంచుల చేతి విల్లు, వీటిలో దేనికీ అలాంటి సదుపాయం లేదు. విలుకాడి కన్ను, ఒళ్లు, బాణం మొన, ఈ మూడే గురికి ఆధారం.

ఈ గురి కుదరడానికి రెండు పనులు జరగాలి. విల్లు, నారి, బాణం ఒకదానితో ఒకటి పొసగేలా సరిచేసుకోవడం మొదటిది. దీన్నే ఆర్చరీలో ట్యూనింగ్ అంటారు. అలా సరిపడిన విల్లు నుంచి బాణం ఎక్కడికి చేరుతుందో కంటితో కట్టుకునే లెక్క రెండోది. మొదటి పని కాకుండా రెండోది నిలవదు. సరిపడని విల్లుతో ఎంత సాధన చేసినా విలుకాడికి అలవడేది ఆ విల్లులోని తప్పును సర్దుకోవడమే. విల్లు మారిన రోజున ఆ సాధన అక్కరకు రాదు.

బాణం వంగుతూ వెళుతుంది

సాదా విల్లులో బాణం పిడి మధ్యలో కాక పక్కన ఆనుకొని ఉంటుంది. నారి మాత్రం విల్లు మధ్యగీత మీదికి దూసుకువస్తుంది. కుడిచేత్తో నారి లాగే విలుకాడి విల్లులో బాణం మొన లక్ష్యానికి కాస్త ఎడమగా చూస్తుంది. ఆ లెక్కన బాణం ఎడమకు పోవాలి, కానీ సరిపడిన బాణం తిన్నగా లక్ష్యానికే చేరుతుంది. దీన్ని ఆర్చర్స్ పారడాక్స్ అంటారు.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ 1930ల్లో హైస్పీడ్ కెమెరాతో ఈ చిక్కుముడిని విప్పి చూపించారు. నారి వేళ్ల మీద నుంచి జారేటప్పుడు కొద్దిగా పక్కకు జరుగుతుంది. వెనక నుంచి తోపు, ముందు మొన బరువు, ఈ రెంటి నడుమ బాణం విల్లులా వంగుతుంది. మరుక్షణమే ఎదురు దిక్కుకు వంగుతుంది. అలా నీళ్లలో చేప కదిలినట్టు పిడిని చుట్టుకుని, తోక దానికి తగలకుండా బయటపడుతుంది. కొన్ని మీటర్లు పోయేసరికి ఈకలు ఆ ఊగును అణచి బాణాన్ని నిలకడగా నడిపిస్తాయి.

కాబట్టి బాణం ఎంత వంగాలో అంతే వంగాలి. ఆ బిగువును స్పైన్ అంటారు. ఇప్పటి కార్బన్, అల్యూమినియం బాణాలకు 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాలు పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీసి కొలుస్తారు. బాణం అర అంగుళం కుంగితే దాని స్పైన్ 500, 0.4 అంగుళం కుంగితే 400. అంకె తగ్గేకొద్దీ బాణం బిగువు ఎక్కువ. చెక్క బాణాలకు పాత కొలతే నడుస్తోంది. ఆధారాల ఎడం 26 అంగుళాలు, బరువు 2 పౌన్లు. 26ను కుంగిన అంగుళాలతో భాగిస్తే వచ్చేది పౌన్లలో స్పైన్. అర అంగుళం కుంగిన చెక్క బాణం 52 పౌన్ల విల్లుకు, అంటే లాగడానికి అంత బలం పట్టే విల్లుకు, తగినదని ఆ లెక్క చెబుతుంది.

ఈ అంకె ఒక్కటే చాలదు. బాణం పొడవు పెరిగినా, మొన బరువు పెరిగినా, విల్లు బలం పెరిగినా అదే బాణం మరింత మెత్తగా ప్రవర్తిస్తుంది. పిడిలో బాణం ఆనే చోటును మధ్యగీత దాకా లోపలికి చెక్కిన విల్లు కాస్త బిగువైన బాణాన్నీ భరిస్తుంది. అలా చెక్కని లాంగ్ బోకు, వెదురు విల్లుకు మెత్తని బాణం కావాలి.

విల్లును సరిచేసే వరుస

ట్యూనింగ్‌కు ఒక వరుస ఉంది. ముందు చూడాల్సింది బ్రేస్ హైట్, అంటే ఎక్కుపెట్టిన విల్లులో పిడి లోతైన చోటు నుంచి నారికి ఉండే దూరం. లాంగ్ బోకు సాధారణంగా 6 నుంచి 7 అంగుళాలు, రికర్వ్‌కు 7 నుంచి 9 అంగుళాలు ఉంటుంది. నారికి మెలికలు పెంచితే అది పొట్టిదై దూరం పెరుగుతుంది, మెలికలు విప్పితే తగ్గుతుంది. దూరం మరీ తక్కువైతే బాణానికి వేగం వస్తుంది కానీ నారి ముంజేతిని కొడుతుంది, విల్లు మోత పెడుతుంది, చేతి చిన్న తప్పు కూడా బాణం మీద కనిపిస్తుంది. మరీ ఎక్కువైతే నారి బాణాన్ని తోసే దూరం తగ్గి వేగం పడిపోతుంది. నాలుగైదు మెలికల చొప్పున మారుస్తూ వేసి చూసి, విల్లు చప్పుడు, అదురు బాగా తగ్గిన చోట ఆగాలి. ఆ కొలత రాసిపెట్టుకోవాలి. కొత్త నారి సాగుతుంది కాబట్టి మొదటి రోజుల్లో తరచూ కొలవాలి.

రెండోది నాకింగ్ పాయింట్. బాణం తోకకు ఉండే గాటు నారి మీద ఎక్కడ కూర్చోవాలో తెలిపే గుర్తు ఇది. బాణం ఆనే చోటు నుంచి నారికి లంబంగా గీత గీస్తే, ఆ గీతకు పావు నుంచి అర అంగుళం పైన ఈ గుర్తు ఉండటం మామూలు. మరీ కిందికి ఉంటే బాణం తోక పిడిని తాకి, గాలిలో కిందికీ మీదికీ ఊగుతుంది.

మూడోది టిల్లర్. పిడికి పైన, కింద వంగే భాగాలను లింబ్‌లు అంటారు. రెండు లింబ్‌ల మొదళ్ల నుంచి నారికి ఉండే దూరాల తేడాయే టిల్లర్. బాణానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు పెట్టి లాగేవారి విల్లులో పై దూరం సుమారు 1/8 నుంచి 1/4 అంగుళం ఎక్కువగా ఉంచుతారు. మూడు వేళ్లూ బాణం కిందే పెట్టేవారికి రెండు దూరాలూ దాదాపు సమానంగా ఉండాలి. మరలున్న విల్లులో మరలు తిప్పి దీన్ని సరిచేయవచ్చు. చెక్క, వెదురు విల్లులో బిగువుగా ఉన్న లింబ్ లోపలి వైపును కొద్దికొద్దిగా గీకడమే మార్గం. గీకిన చెక్క తిరిగి రాదు కనుక గీకిన ప్రతిసారీ విల్లును ఎక్కుపెట్టి, వంపు చూసుకుంటూ పోవాలి.

ఈకల్లేని బాణంతో పరీక్ష

విల్లు కొలతలు కుదిరాక బాణాన్ని పరీక్షించాలి. ఈకలు బాణం తప్పులను దాచేస్తాయి. అందుకే అదే రకం బాణాల్లో రెండు మూడింటికి ఈకలు లేకుండా ఉంచుతారు. వీటిని బేర్‌షాఫ్ట్‌లు అంటారు. 15 మీటర్ల దూరంలో ఈకలున్నవీ లేనివీ ఒకే గురితో వేసి, అవి గుచ్చుకున్న చోట్లను పోల్చాలి.

కుడిచేతి విలుకాడికి ఈకల్లేని బాణాలు మిగతావాటికి ఎడమగా పడితే బాణం బిగువు ఎక్కువైనట్టు. బరువైన మొన బిగించాలి, లేదా మెత్తని బాణం ఎంచుకోవాలి. కుడిగా పడితే బాణం మరీ మెత్తన. తేలిక మొన పెట్టాలి, లేదా బాణాన్ని కొంచెం కొంచెంగా కత్తిరించాలి. ఒక్కసారికి పావు అంగుళం మించి కోయకూడదు. ఎడమచేతి వారికి ఈ దిక్కులు తారుమారవుతాయి. ఈకల్లేని బాణాలు మీదికి పడితే నాకింగ్ పాయింట్‌ను పైకి, కిందికి పడితే కిందికి జరపాలి. ముందు ఎత్తును సరిచేసి, ఆ తర్వాతే ఎడమ కుడి తేడాల జోలికి వెళ్లాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

బాణం బరువునూ గమనించాలి. విల్లు బలంలో పౌనుకు 8 నుంచి 10 గ్రెయిన్ల బరువున్న బాణం సంప్రదాయ విల్లుకు క్షేమం. 40 పౌన్ల విల్లుకు 360 గ్రెయిన్ల బాణం, అంటే సుమారు 23 గ్రాములు, బాగా సరిపోతుంది. మరీ తేలిక బాణమైతే విల్లు శక్తి దానికి పూర్తిగా అందక లింబ్‌ల మీదే పడుతుంది. బాణం లేకుండా నారి లాగి వదిలితే ఆ శక్తంతా విల్లుకే తగులుతుంది, విల్లు విరగవచ్చు కూడా.

యాంకర్: గురికి పునాది

నారిని లాగిన చెయ్యి ప్రతిసారీ ముఖం మీద ఒకే చోట ఆగాలి. ఆ చోటే యాంకర్. చూపుడువేలు లేదా నడిమివేలు కొస పెదవి మూలకు తాకేలా ఉంచడం ఎక్కువమంది అలవాటు. తుపాకీకి ముందో సైట్, వెనకో సైట్ ఉంటే, సంప్రదాయ విల్లులో బాణం మొన ముందు సైట్, యాంకర్ వెనక సైట్.

యాంకర్ జారితే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. బాణం పొడవు 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు అనుకుందాం. మొనను అదే చోట నిలిపి, తోక 3 మిల్లీమీటర్లు కిందికి జారితే 30 మీటర్ల దగ్గర బాణం 12 సెంటీమీటర్లకు పైగా మీదికి పోతుంది. నారిని అర అంగుళం తక్కువ లాగినా ఇలాంటి నష్టమే. 40 పౌన్ల విల్లులో ఆ అర అంగుళానికి బాణానికి అందే శక్తి సుమారు ఐదు శాతం తగ్గి, అదే దూరంలో బాణం 9 సెంటీమీటర్ల వరకు కిందికి పడుతుంది.

యాంకర్ విలువను ఇంగ్లండు విలువిద్య విజేత హొరేస్ ఫోర్డ్ పట్టుకున్నారు. చెవి దాకా నారి లాగే పాత అలవాటులో బాణం కంటికి పక్కగా ఉంటుంది. ఫోర్డ్ బాణాన్ని నేరుగా కంటి కిందికి తెచ్చారు. 1849 నుంచి 1859 వరకు వరుసగా 11 సార్లు జాతీయ విజేతగా నిలిచి, తన పద్ధతిని 1856లో పుస్తకంగా వెలువరించారు.

ఏ కన్ను ప్రధానమో కూడా ముందే తెలుసుకోవాలి. రెండు అరచేతులతో చిన్న సందు చేసి, అందులోంచి దూరపు వస్తువును చూస్తూ ఒక్కో కన్నూ మూయాలి. ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు కదలకుండా నిలుస్తుందో అదే ప్రధానం. ఆ కంటి వైపు చేతితో నారి లాగడం మేలు.

గురి చూసే పద్ధతులు

మొదటిది సహజ గురి, ఇన్‌స్టింక్టివ్ అంటారు. ఇందులో బాణం వైపు, విల్లు వైపు మనసు పెట్టరు. చూపంతా లక్ష్యం మీద ఒక చిన్న చుక్క మీదే నిలుపుతారు. ద్రోణుడి పరీక్షలో అర్జునుడికి పక్షి తల తప్ప ఏదీ కనిపించలేదన్న భారత కథ ఈ ఏకాగ్రతకు సరైన నమూనా. వేలాది బాణాలు వేశాక చెయ్యి ఎంత ఎత్తున ఆగాలో శరీరానికే తెలుస్తుంది. అమెరికా విలుకాడు ఫ్రెడ్ బేర్ ఈ పద్ధతికి పేరుపొందారు. కదిలే లక్ష్యానికి, 20 మీటర్ల లోపు దూరానికి ఇది బాగా పనికొస్తుంది. దూరం పెరిగేకొద్దీ నిలకడ తగ్గుతుంది.

రెండోది గ్యాప్ పద్ధతి. ఇందులో బాణం మొనకు, లక్ష్యానికి నడుమ కనిపించే ఎడాన్ని లెక్కలోకి తీసుకుంటారు. బాణం కంటి కన్నా దిగువ నుంచి మొదలై పైకి చూస్తూ ఉంటుంది కనుక దగ్గరి దూరాలకు మొనను లక్ష్యం కింద పట్టాలి. మొనను సరిగ్గా లక్ష్యం మీద పెడితే బాణం అక్కడే తగిలే దూరం ఒకటి ఉంటుంది. దాన్ని పాయింట్ ఆన్ అంటారు. అంతకు మించిన దూరానికి మొన లక్ష్యం పైన ఉండాలి.

బాణం వేగం సెకనుకు 50 మీటర్లు, పాయింట్ ఆన్ 50 మీటర్లు అనుకుని, గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్క కడితే లక్ష్యం దగ్గర ఈ ఎడం 10 మీటర్లకు సుమారు 70 సెంటీమీటర్లు, 20కి 112, 25కి 118, 30కి 114, 40కి 76 వస్తుంది. పాయింట్ ఆన్‌లో సగం దూరం దగ్గర ఎడం అన్నిటికన్నా ఎక్కువ. 20 నుంచి 30 మీటర్ల దాకా అది దాదాపు మారదు. గ్యాప్ పద్ధతి వాడేవారికి ఇదే పెద్ద వెసులుబాటు. ఆ నడిమి దూరంలో రెండు మూడు మీటర్లు అటూ ఇటూ పొరబడినా బాణం గురి పెద్దగా తప్పదు. తమ విల్లుతో, తమ బాణంతో ఈ ఎడాలను ఎవరికి వారు వేసి చూసి పట్టిక రాసుకోవాలి.

1938 నాటి రాబిన్ హుడ్ సినిమాలో బాణాలు వేసిన హోవర్డ్ హిల్ ఈ రెండు పద్ధతుల నడిమి దారి పట్టారు. ముఖ్య చూపు లక్ష్యం మీద, ఓరచూపు మొన మీద. దాన్ని స్ప్లిట్ విజన్ అన్నారు.

మూడోది స్ట్రింగ్ వాకింగ్. దూరం తగ్గేకొద్దీ వేళ్లను నారి మీద బాణానికి కిందికి కొలిచి జరుపుతారు. దాంతో బాణం తోక కంటికి దగ్గరై, ఏ దూరానికైనా మొనను లక్ష్యం మీదే పెట్టవచ్చు. సైట్ లేకుండా వేసే బేర్‌బో పోటీల్లో దీనికి అనుమతి ఉంది, లాంగ్ బో విభాగంలో లేదు. వేళ్లు కిందికి జరిగితే కింది లింబ్ మీద భారం పెరుగుతుంది కాబట్టి ఈ పద్ధతి పట్టేవారు టిల్లర్‌ను మళ్లీ సరిచూసుకోవాలి.

బాణాలు పడిన తీరు

ఏ పద్ధతి పట్టినా, తప్పు ఎక్కడుందో లక్ష్యం మీది బాణాలే తెలుపుతాయి. అన్నీ ఒకేచోట గుమిగూడి, గురికి దూరంగా పడితే విలుకాడి చెయ్యి బాగుంది. విల్లునో, గ్యాప్ లెక్కనో సవరించాలి. నిలువుగా చెదిరితే నారి లాగే దూరం, యాంకర్ మారుతున్నాయని అర్థం. అడ్డంగా చెదిరితే వేళ్లు వదిలే తీరులో, విల్లును పట్టే వాలులో నిలకడ లేదు. నలుదిక్కులా చెదిరిన బాణాలను చూసి విల్లును మార్చడం వృథా. అప్పుడు 5 మీటర్ల దూరానికి వచ్చి, గురి సంగతి మరచి, నిలబడటం, లాగడం, వదలడం మాత్రమే సాధన చేయాలి. 1545లో ఇంగ్లండు పండితుడు రోజర్ ఆస్కమ్ విలువిద్యకు చెప్పిన ఐదు అంగాలు నిలబడటం, బాణం తొడగడం, లాగడం, నిలపడం, వదలడం. గురి అనే మాట ఆ ఐదింటిలో లేదు.

విల్లు పట్టాలనుకునేవారు ఈ వరుస మరవకూడదు. చేతికి తేలికైన విల్లు, దానికి సరిపడే బాణం, రాసిపెట్టుకున్న కొలతలు, కదలని యాంకర్, ఆ తర్వాతే గురి పద్ధతి. బలమైన విల్లు కోసం తొందరపడి నారిని పూర్తిగా లాగలేక అవస్థపడే కన్నా, 25 పౌన్ల విల్లును ప్రతిసారీ ఒకే తీరున లాగడం నేర్చుకోవాలి.