ఇరవై నాలుగేండ్లకే వందల మందికి తల్లి

రాజధాని నగరంలో టిబెట్టు ప్రస్తావన వచ్చినప్పుడెల్లా సంభాషణ సరిహద్దు రేఖల చుట్టూ, సైనిక బలగాల చుట్టూ, బీజింగుతో మన సంబంధాల చుట్టూ తిరుగుతుంది. విదేశాంగ శాఖ విలేఖరుల సమావేశాలలో ఇన్నేండ్లుగా నేను విన్న ప్రశ్నలన్నీ ఆ కోవకు చెందినవే. ఒక జాతి తన నేల విడిచి పరాయి నేలకు చేరినప్పుడు ఆ జాతి పిల్లల గతి ఏమయిందన్న ప్రశ్న అక్కడ ఎవరూ వేయరు. ఆ ప్రశ్నకు సమాధానం ఢిల్లీలో దొరకదు. హిమాచల ప్రదేశ్‌లో, ధౌలాధార్ పర్వతశ్రేణి పాదాన ఉన్న ధర్మశాలలో దొరుకుతుంది. దానిని వెదకిన వారిలో ముఖ్యురాలు జెత్సున్ పెమా. ఆమె ఆ భారాన్ని తలకెత్తుకొన్ననాటికి ఆమె వయస్సు 24 ఏండ్లు.

పూర్వకథ కొంత చెప్పుకోవాలి. 1959 మార్చి 17 రాత్రి దలైలామా లాసా నగరాన్ని విడిచారు. మార్చి 31న భారత భూభాగంలో అడుగుపెట్టారు. ఏప్రిల్ 24న ప్రధాని నెహ్రూ ముస్సోరీకి వెళ్ళి ఆయనతో సమావేశమయ్యారు. దలైలామా వెంట, ఆ తరువాత, దాదాపు 80,000 మంది టిబెట్టు ప్రజలు హిమాలయాలు దాటి వచ్చారు. వీరికి తాత్కాలికంగా అస్సాంలోని మిస్సమారిలోను, ఉత్తర బెంగాల్‌లోని బక్సాలోను శిబిరాలు ఏర్పాటయ్యాయి. బక్సా ఆంగ్లేయుల కాలంలో రాజకీయ ఖైదీలను ఉంచిన చోటు. పన్నెండు వేల అడుగుల ఎత్తున చల్లని పొడిగాలికి అలవాటుపడిన శరీరాలు అస్సాం ఎండలకు, ఎడతెగని వానలకు తట్టుకోలేకపోయాయి. క్షయ, రక్తవిరేచనాలు శిబిరాలను పట్టి పీడించాయి.

కాందిశీకులకు చల్లని ప్రదేశంలో ఏదో ఒక పని చూపించాలన్న ఉద్దేశంతో ప్రభుత్వం వారిని హిమాలయ ప్రాంతాలలో రోడ్ల నిర్మాణానికి పంపింది. నిన్నటిదాకా పశువుల మందలు కాచినవారు, పొలాలు దున్నినవారు, మఠాలలో ధర్మగ్రంథాలు చదివినవారు రోడ్ల పక్కన కంకర కొట్టే కూలీలయ్యారు. వారి వెంట వారి పిల్లలు కూడా డేరాలలో, దుమ్ములో, మందుగుండు పేలుళ్ళ నడుమ కాలం గడిపారు. కొండచరియలు విరిగిపడి కొందరు తల్లిదండ్రులు మరణించారు; వ్యాధులకు మరికొందరు బలి అయ్యారు. బ్రతికి ఉన్నవారికి కూడా పని వేళలలో బిడ్డను చూసే దిక్కు లేదు.

దలైలామా ధర్మశాలకు నివాసం మార్చుకొన్నది 1960 ఏప్రిల్ 30న. మూడు వారాలైనా గడవకముందే, మే 17న, జమ్మూ వైపు రోడ్డు పనుల శిబిరాల నుండి 51 మంది పిల్లలు అక్కడికి చేరారు. జబ్బుపడి, తిండిలేక చిక్కి శల్యమై ఉన్న ఆ పిల్లలను చూసి, వారి బాధ్యత తాను వహిస్తానని ముందుకు వచ్చింది దలైలామా పెద్దక్క త్సేరింగ్ డోల్మా. దలైలామా పుట్టిననాడు మంత్రసాని పని చేసింది కూడా ఈ అక్కయేనని ఆయన తన ఆత్మకథలో వ్రాసుకొన్నారు.

ఆ పిల్లలకు ధర్మశాలలో చోటు దొరకడానికి ఒక విషాదమే కారణం. 1905 ఏప్రిల్ 4న సంభవించిన కాంగ్రా భూకంపం సుమారు 20,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. ఆంగ్లేయుల వేసవి విడిదిగా వర్ధిల్లిన మెక్లాయిడ్‌గంజ్ ఆ దెబ్బతో వెలవెలబోయింది. స్వాతంత్ర్యం వచ్చి దొరలు వెళ్ళిపోయిన పిమ్మట బంగళాలు ఖాళీగా మిగిలాయి. అటువంటి ఒక బంగళాలోనే పిల్లల శరణాలయం ఆరంభమయింది. నెలలు గడిచేకొద్దీ పిల్లలు వస్తూనే ఉన్నారు. సంఖ్య పదుల నుండి వందలకు పెరిగింది. ఒక్కొక్క మంచాన్ని పలువురు పిల్లలు పంచుకొన్నారు. ఒకరికి అంటువ్యాధి సోకితే అందరికీ సోకేది. ఎనిమిదేండ్లు నిండినవారిని ముస్సోరీ, సిమ్లా, డార్జిలింగ్ వంటి చోట్ల కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన ఆశ్రమ పాఠశాలలకు పంపేవారు. ఈ పాఠశాలల నిర్వహణకై 1961లో విద్యాశాఖ ఆధ్వర్యాన ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. టిబెట్టు పిల్లలు తమ భాషను, సంస్కృతిని మరువకుండా చదువుకోవాలంటే వారికి వేరే బడులు ఉండాలన్న అభిప్రాయం నెహ్రూదేనన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన సంగతి.

1964లో త్సేరింగ్ డోల్మా మరణించింది. అప్పటికి కొద్ది మాసాల క్రితమే ఆమె చెల్లెలు జెత్సున్ పెమా ఐరోపాలో చదువు ముగించుకొని తిరిగి వచ్చి ఉన్నది. 1940 జూలై 7న లాసాలో జన్మించిన ఈమె పదేండ్ల ప్రాయంలోనే చదువు నిమిత్తం భారతదేశానికి వచ్చి కాలింపాంగ్, డార్జిలింగ్ కాన్వెంటులలో విద్యనభ్యసించింది. ఆ పిదప స్విట్జర్లాండ్, ఇంగ్లండు దేశాలలో చదివింది. అన్నగారు కోరగా అక్క విడిచి వెళ్ళిన బాధ్యతను స్వీకరించింది. ఆ వయస్సు యువతులు తమ సంసారం గురించి ఆలోచించే రోజులలో ఆమె వందలాది పిల్లల కూటికి, గుడ్డకు, మందులకు, చదువుకు జవాబుదారీ అయింది.

ఆమె చేసిన పనిలో అసలు విశేషం ఒక్కటి. శరణాలయాన్ని ఆమె గ్రామంగా మార్చింది. ఆశ్రమ పాఠశాలలు నిండిపోయి, ఎనిమిదేండ్లు దాటిన పిల్లలను పంపే దారి మూసుకుపోయినప్పుడు, పిల్లలను అక్కడే ఉంచి, అక్కడే చదివించి, అక్కడే పెంచి పెద్దచేయక తప్పలేదు. అందుకు ఒక నమూనా ఐరోపాలో ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం, 1949లో, ఆస్ట్రియాలోని ఇమ్స్ట్ పట్టణంలో హెర్మన్ గ్మైనర్ ప్రారంభించిన బాలల గ్రామం అది. ఒక తల్లి, తోబుట్టువులు, ఒక ఇల్లు, ఒక ఊరు: ఈ నాలుగూ ప్రతి బిడ్డకూ ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. 1970 దశకం ఆరంభంలో ధర్మశాల శరణాలయం టిబెట్టు బాలల గ్రామంగా రూపొంది ఆ అంతర్జాతీయ సంస్థలో భాగస్వామి అయింది.

నేను ధర్మశాల వెళ్ళినప్పుడు ఈ గ్రామాన్ని చూశాను. దేవదారు వృక్షాల నడుమ, దాల్ అనే చిన్న సరస్సుకు దాపున, కొండవాలు పొడుగునా వరుసలు తీరిన ఇండ్లు. ప్రతి ఇంటికి ఒక తల్లి. పిల్లలు ఆమెను 'అమాలా' అంటారు. మన 'అమ్మగారు' అన్న మాటకు అది ఎంత దగ్గరో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక్కో ఇంట వేర్వేరు వయస్సుల ఆడపిల్లలు, మగపిల్లలు కలిసి ఉంటారు. పెద్దవాడు చిన్నవాడి బూట్ల తాళ్ళు కట్టడం, పదేండ్ల అమ్మాయి పళ్ళాలు కడగడం, మరొకతె చిన్నదానికి జడ వేయడం అక్కడ ఎవరూ చెప్పకుండానే జరిగిపోతున్నవి. 'నాకంటె ముందు ఇతరులు' అన్నది ఆ సంస్థ ఆదర్శ వాక్యం. గోడలపై ఆదర్శ వాక్యాలు మన బడులలోనూ కొల్లలు. అక్కడ మాత్రం అన్నం వడ్డించే వేళ ఆ వాక్యం అమలు జరగడం నేను కళ్ళారా చూశాను.

భాష విషయంలో కూడా వారి కృషి గమనింపదగినది. 1980 దశకంలో ప్రాథమిక తరగతులలో టిబెట్టు భాషనే బోధనా భాషగా ప్రవేశపెట్టారు. రాజ్యం, సరిహద్దులు, సొంత విశ్వవిద్యాలయం ఏవీ లేని ఒక సమాజం లెక్కలకు, సామాన్య శాస్త్రానికి తన భాషలో వాచకాలు తయారుచేసుకొన్నది. ఎన్నో సౌకర్యాలుండి మాతృభాషలో బడి చదువు సాధ్యమా అని ఇంకా తర్కించుకొంటున్న మనం ఈ సంగతిని ఆలోచించాలి.

'అనాథ' అన్న మాట ఇక్కడ కొంత జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. మొదట వచ్చినవారిలో తల్లిదండ్రులు గతించినవారు ఉన్నట్లే, తండ్రి రోడ్డు పనిలో, తల్లి మరో శిబిరంలో ఉన్నవారు కూడా ఉన్నారు. 1960 దశకం తొలినాళ్ళలో నూట యాభైకి పైగా టిబెట్టు పిల్లలను స్విట్జర్లాండ్ కుటుంబాలు పెంపకానికి తీసుకొన్నవి. వారిలో పలువురు అనాథలు కారని, వారికి తల్లో తండ్రో ఉన్నారని తరువాత వెల్లడై, ఆ దేశంలో తీవ్రమైన చర్చ జరిగింది. మేలు చేయాలన్న తలంపు ఎంత ఉత్తమమైనదైనా, బిడ్డను కన్నవారి నుండి వేరుచేయడంలోని బాధ దానితో తుడిచిపెట్టుకుపోదు. ధర్మశాల గ్రామం పిల్లలను వారి జాతి నడుమనే ఉంచి పెంచింది. దాని విలువను ఈ దృష్టితో చూస్తేనే తెలుస్తుంది.

1980లో దలైలామా పంపిన మూడవ పరిశీలక బృందానికి నాయకురాలిగా జెత్సున్ పెమా టిబెట్టులో పర్యటించింది. ఆ దశకంలో కొత్త రకం పిల్లలు రాసాగారు. వీరి తల్లిదండ్రులు బ్రతికే ఉన్నారు. తమ బిడ్డలకు తమ భాషలో, తమ ధర్మంలో చదువు దొరకాలన్న ఆశతో వారే పిల్లలను దారి చూపేవారి చేతుల్లో పెట్టి మంచు కనుమలు దాటించారు. సుమారు 5,700 మీటర్ల ఎత్తున ఉన్న నాంగ్పా లా కనుమ గుండా నేపాల్ చేరి, అక్కడి నుండి ఢిల్లీ మీదుగా ధర్మశాల చేరేవారు. మంచుకాటుకు కాలివేళ్ళు పోగొట్టుకొన్నవారున్నారు. 2006 సెప్టెంబరు 30న ఆ కనుమపై చైనా సరిహద్దు దళాలు జరిపిన కాల్పులలో పదిహేడేండ్ల భిక్షుణి కెల్సాంగ్ నామ్‌త్సో మరణించింది. ఆ దృశ్యాన్ని అటుగా వచ్చిన విదేశీ పర్వతారోహకులు చిత్రీకరించగా ప్రపంచమంతా చూసింది. ఇలా వచ్చి ధర్మశాలలో పెరిగిన పిల్లలలో ఎందరో మళ్ళీ తల్లి ముఖం చూడలేదు.

లడఖ్‌లోను, కర్ణాటకలోని బైలకుప్పెలోను, బీర్ సమీపాన సుజాలోను శాఖలు వెలిశాయి. 42 ఏండ్ల సేవ తరువాత 2006లో జెత్సున్ పెమా ఆ బాధ్యత నుండి విరమించింది. ఈలోగా 1990లో ప్రవాస ప్రభుత్వంలో తొలి మహిళా మంత్రి అయింది. 1995లో ప్రవాస శాసనసభ ఆమెను 'టిబెట్టు మాత'గా గౌరవించింది. 1997లో విడుదలైన ఒక హాలీవుడ్ చిత్రంలో తన కన్నతల్లి పాత్రను తానే ధరించింది. 2018లో భారత ప్రభుత్వం నారీ శక్తి పురస్కారం ఇచ్చింది.

మన తెలుగునాట ఈ జాతితో పరిచయం లేకపోలేదు. చలికాలం వచ్చిందంటే హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల పేవ్‌మెంట్లపై ఉన్ని స్వెట్టర్లు అమ్మే టిబెట్టు కుటుంబాలను మనం చూస్తూనే ఉంటాము. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా నిర్వహించిన కాలచక్రకు వేలాదిగా తరలివచ్చినవారూ వీరే. బేరమాడి స్వెట్టరు కొనే మనకు, ఆ అమ్మే మనిషి బిడ్డ ఎక్కడో ఆశ్రమ పాఠశాలలో సంక్రాంతి నాటికి కూడా తల్లికి దూరంగా ఉండవచ్చునన్న ఆలోచన రాదు.

2008 తరువాత సరిహద్దుపై నిఘా బిగిసింది. ఏటా వేలలో వచ్చేవారి సంఖ్య పదులకు పడిపోయింది. ఇక్కడ పెరిగినవారు అమెరికా, కెనడా, ఐరోపాలకు వలసపోతున్నారు. బడులలో పిల్లలు తగ్గుతున్నారు. వలసకు పేదరికం ఒక్కటే కారణం కాదు. 1950 జనవరి 26 నుండి 1987 జూలై 1కి ముందు భారతదేశంలో పుట్టినవారు పుట్టుకచేతనే పౌరులని మన చట్టం చెబుతున్నది. అయినా టిబెట్టువారి విషయంలో ఆ హక్కును గుర్తింపజేయడానికి నామ్‌గ్యాల్ డోల్కర్ అనే యువతి ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కి 2010లో తీర్పు తెచ్చుకోవలసి వచ్చింది. ఆ గడువు తరువాత పుట్టిన పిల్లలలో చాలామంది రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌పై బ్రతికే విదేశీయులే. ఇక్కడే పుట్టి, మన పరీక్షలు వ్రాసి, మన హిందీ పాటలు పాడుకొనే ఈ యువకులు ప్రభుత్వోద్యోగానికి గాని, ఓటుకు గాని అర్హులు కారు. అదే సమయంలో, పౌరసత్వం తీసుకొంటే టిబెట్టు ఆశయానికి దూరమవుతామేమోనన్న సంకోచం వారిలోనే కొందరికి ఉన్నది. ఈ రెండు బాధలూ నిజమైనవే.

1960లో ఆ 51 మంది పిల్లలను చేరదీయడానికి నెహ్రూ ప్రభుత్వం ఏ సరిహద్దు చర్చల కోసమూ ఎదురుచూడలేదు. బంగళా అద్దెకు తీసుకొని తలుపులు తెరిచింది. ఆ తలుపుల వెనుక పెరిగిన తరం బిడ్డలూ, మనుమలూ నేడు ఒక కాగితం కోసం కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. కోరుకొన్నవారికి ఆ కాగితం ఇవ్వడం, కోరనివారిని వారి బడులతో, వారి భాషతో గౌరవంగా ఉండనివ్వడం ఢిల్లీ చేతిలో ఉన్న పని. ఇరవై నాలుగేండ్ల యువతి ఒకతె ఆనాడు తన వంతు పనిని ఎవరి ఉత్తరువు కోసమూ ఆపలేదు.