నోటిపూత – తేలిగ్గా తీసుకోకూడనిది ఎప్పుడు?

నోరు పూసిందంటే మన హాస్టళ్లలో అందరూ చెప్పే మాట ఒక్కటే: "వేడి చేసింది, మజ్జిగ తాగు, బి-కాంప్లెక్స్ వేసుకో." మామూలు పుండ్లు ఒకటి రెండు వారాల్లో వాటంతటవే మానిపోతాయి. కానీ కొందరిలో నోటిపూత, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గిందని చెప్పే తొలి హెచ్చరిక కావచ్చు.

క్యాండిడా అనే శిలీంధ్రం ఆరోగ్యవంతుల్లోనూ చాలామంది నోట్లో ఉంటుంది. తెల్ల రక్తకణాలు, లాలాజలం, మేలు చేసే బాక్టీరియా దాన్ని అదుపులో ఉంచుతాయి. ఈ కాపలా బలహీనపడితే అది పెరిగి నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లాంటి తెల్లని పొరలు కడుతుంది. తుడిస్తే కింద ఎర్రగా ఉంటుంది, ఒక్కోసారి రక్తం కూడా వస్తుంది. మింగేటప్పుడు నొప్పి ఉంటే అన్నవాహికకు పాకిందేమో అని అనుమానించాలి.

ఇది ఎవరికి వస్తుంది? షుగర్ అదుపులో లేనివారికి, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి, చాలాకాలం స్టెరాయిడ్లు వాడేవారికి, హెచ్.ఐ.వి. ఉన్నవారికి. హెచ్.ఐ.వి.లో సి.డి.4 కణాల సంఖ్య 200 కంటే తగ్గితే ఇది తరచుగా కనిపిస్తుంది. అయితే యాంటీబయాటిక్స్ వాడినవారికి, కట్టుడు పళ్లవారికి, పసిపిల్లలకు కూడా రావచ్చు. కాబట్టి తెల్లపొర చూసి ఎవరి మీదా ముద్ర వేయకూడదు. హెచ్.ఐ.వి. ఉన్నా భయం లేదు. ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రాల్లో 2004 నుంచి మందులు ఉచితం. వివక్ష చూపడం 2017 చట్టం ప్రకారం నిషేధం.

హిస్టోప్లాస్మా అనే మరో శిలీంధ్రం నాలుక మీద, అంగిట్లో లోతైన పుండ్లు చేస్తుంది. చూడటానికి క్యాన్సర్‌లా, టీబీలా ఉంటాయి. ముక్క తీసి పరీక్షిస్తేనే తేలుతుంది. 2021లో కరోనా తర్వాత షుగర్ రోగులను పీడించిన బ్లాక్ ఫంగస్‌లో అంగిలి నల్లబడేది. అలాంటప్పుడు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు.

క్యాండిడాను గుర్తించడం సులువు. పొరను కాస్త గీరి, స్లైడు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. క్లోట్రిమజోల్, ఫ్లుకొనజోల్ వంటి మందులతో తగ్గుతుంది. అయితే డాక్టరు చెప్పినట్లే వాడాలి. అసలు కారణం కనుక్కోకపోతే మళ్లీ వస్తుంది.

మిత్రులారా! ఆసుపత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోతుందని మన ఇళ్లలో పెద్దలు నొప్పిని ఓర్చుకుంటారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మీలోనూ చాలామంది అంతే. సెలవులకు వెళ్లినప్పుడు షుగరున్న నాయనమ్మను, అమ్మను ఒకసారి నోరు తెరవమనండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లపొర కనిపిస్తే మీరే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. మన చదువు ముందుగా మన ఇంటికి ఉపయోగపడాలి కదా!