వాణిజ్య చర్చలు - పారదర్శకత

ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణుని రాయబారం నిండుసభలో సాగింది. అయిదూళ్లిచ్చినా చాలునన్న పాండవుల కనీసపు కోరిక సైతం దాగలేదు. నేడు దేశాల మధ్య జరిగే వాణిజ్య చర్చల తీరు వేరు.

2017 జులైలో హైదరాబాదులో అటువంటి చర్చలే జరిగాయి. ‘ఆర్‌సెప్’ అనే ప్రాంతీయ ఒప్పందం కోసం ఆసియాన్ కూటమిలోని పది దేశాలతోపాటు భారత్, చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తమ ప్రతినిధులను పంపాయి. ఏ సరకుపై దిగుమతి సుంకం ఎంత తగ్గించాలన్నది అందులో ముఖ్యాంశం. మన దేశంలో పాలపొడిపై సుంకం 60 శాతం వరకు ఉండేది. అది తొలగి, న్యూజిలాండ్ పాలపొడి చౌకగా వచ్చిపడితే రెండు గేదెలను నమ్ముకొని బ్రతికే రైతు గతి ఏమిటి? రైతు సంఘాలవారు అదే నగరంలో సమావేశమై ఇట్టి ప్రశ్నలే లేవనెత్తారు. కాని చర్చలో ఉన్న ముసాయిదాను ప్రభుత్వాలు వారికి చూపలేదు.

గోప్యతను సమర్థించేవారి వాదంలో బలం లేకపోలేదు. పశువుల సంతలో దళారులు తువ్వాలు మాటున వేళ్లు పట్టుకొని బేరమాడతారు. చివరి ధర ముందే బయటపడితే బేరం చెడుతుంది. నిజమే. అయితే అక్కడ ఎద్దు యజమాని ప్రక్కనే నిలబడి ఉంటాడు. ధర నచ్చకపోతే పలుపు వదలడు!

సమాచార హక్కు చట్టం, 2005లోని 8వ సెక్షను దేశ ఆర్థిక ప్రయోజనాలకు, విదేశీ సంబంధాలకు భంగం కలిగించే సమాచారాన్ని మినహాయించింది. హానికంటే ప్రజాప్రయోజనం అధికమైనచో వెల్లడించవచ్చునని ఆ సెక్షనే చెప్పింది. ఒప్పందాలకు పార్లమెంటు ముందస్తు ఆమోదం కావాలన్న నియమం మన రాజ్యాంగంలో లేదు. వాటి అమలుకు శాసనాలు చేసే అధికారాన్ని మాత్రం 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోనిదైనా ఈ విషయంలో రాష్ట్రాల సమ్మతి అవసరం లేదు.

గోప్యతకు హద్దు గీయడం అసాధ్యమేమీ కాదు. అమెరికాతో చర్చలు సాగుతుండగానే, 2015 జనవరిలో, ఐరోపా సమాఖ్య తన ప్రతిపాదనలను పలు అంశాలలో ప్రచురించింది. సుంకాల బేరాన్ని మాత్రం గుప్తంగానే ఉంచుకొంది.

ఆర్‌సెప్ నుండి భారత్ 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో వైదొలగింది. తక్కిన పదిహేను దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేశాయి. ఒప్పందపు పూర్తి పాఠం అధికారికంగా ప్రజల చేతికి వచ్చింది ఆనాడే.