కూలిన అడవికి ముందు కాపలా కావాలి

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవుల్లో లేచిన పెనుగాలికి 50 వేలకు పైగా చెట్లు కూలాయని అధికారులు అంచనా వేశారు. ఏపుగా పెరిగిన మాన్లు వేళ్లతో సహా పడిపోయాయి. విన్నవాళ్లంతా అడిగిందొకటే: ‘‘మళ్లీ ఎన్ని మొక్కలు నాటుతారు?’’ అలాంటి అడవుల్లోనే బీట్ ఆఫీసరుగా చేసి రిటైరైనవాణ్ని. నన్నడిగితే నాటడం తర్వాతి సంగతి, ముందు మిగిలినదాన్ని బతకనివ్వాలి.

టేకు, నల్లమద్ది, తునికి లాంటివి నరికినా, కాలినా మొదట్లోంచి పిలకలు వేస్తాయి. విరిగిన చెట్టు మోడును నేలకు దగ్గరగా, వాన నీరు నిలవకుండా ఏటవాలుగా కోయాలి. అలా కోస్తే పిలక నేలమట్టాన పుట్టి గట్టిపడుతుంది. ఎత్తు మోడు మీద లేచింది గాలికి చీలిపోతుంది. రెండు మూడేళ్లకు బలమైన పిలక ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేయాలి. కింద పాత వేళ్లు ఉంటాయి కాబట్టి నర్సరీ మొక్క మాడిపోయే ఎండను కూడా ఆ పిలక తట్టుకుంటుంది.

చెట్లు వేళ్లతో లేచిపోయిన చోట మాత్రం నాటక తప్పదు. అక్కడ వరసగా టేకే పెడితే ఆకు తినే పురుగు ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకు సులువుగా పాకుతుంది. చుట్టుపక్కల అడవి గింజలతోనే మద్ది, ఇప్ప, నేరేడు, ఉసిరి కలిపి పెంచాలి. ఒక జాతి దెబ్బతిన్నా ఇంకోటి నిలుస్తుంది.

ఖాళీలో ఎండ పడగానే లంటానా కంప కమ్ముకుంటుంది. పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. నేల కింద వేరు తెగ్గొట్టి, మొక్కను తలకిందులుగా పడేయాలి. అది కూడా కాయ పండకముందే చెయ్యాలి.

అన్నిటికన్నా పెద్ద గండం నిప్పు. కూలిన కలప ఎండితే మంటకు మేత. తునికి కొత్త చిగురు కోసమో, ఇప్పపువ్వు ఏరడం సులువవుతుందనో వేసవిలో రాలిన ఆకులకు నిప్పు పెడతారు. లేత పిలకలన్నీ అందులో మాడిపోతాయి. ఇప్పచెట్టు కింద పాత చీర పరిస్తే పువ్వూ దక్కుతుంది, అడవీ మిగులుతుంది. ఎండలు ముదరకముందే, మంట దాటకుండా అడవిలో ఖాళీగా ఉంచే ఫైర్ లైన్లు ఊడ్చాలి. ఎండలు పెరిగేకొద్దీ ఈ పని ఇంకా ముందే మొదలవ్వాలి.

ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. మొక్కలు నాటే పండగకు పెట్టే ఖర్చులో కొంత అడవిపక్క ఊళ్ల నుంచి నిప్పు కాపలాకు తీసుకునే ఫైర్ వాచర్లకు మళ్లించండి, వాళ్ల జీతాలు వేసవిలోనే చేతికందేలా చూడండి.