ఓడెక్కే రొయ్య, ఊళ్లో మిగిలే రొయ్య

భీమవరం చుట్టుపక్కల యూరప్‌కు సరుకు ఇవ్వదలచిన రైతు పట్టుబడికి ముందే చెరువులోంచి కాసిని రొయ్యలు తీసి, ఐసు వేసిన కవర్లో ల్యాబుకు పంపుతాడు. నిషేధిత యాంటీబయాటిక్‌లైన క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఆనవాళ్లు లేవని కాగితం వస్తేనే ఆ సరుకు ఓడెక్కుతుంది. యూరప్ గీసిన గీత చాలా సన్నం. కిలో రొయ్యలో క్లోరాంఫెనికాల్ 0.15 మైక్రోగ్రాములున్నా సరుకు ఆగిపోతుంది. 2016లో మన రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచిందీ యూరపే.

సైజు రానిదీ, పెంకు మెత్తబడినదీ సాయంత్రానికి ఊరి బజారుకొస్తుంది. దానికి ఏ కాగితమూ లేదు. నిషేధం మనకూ ఉంది, ఆహార భద్రత చట్టం మనకూ ఉంది. లేనిదల్లా బుట్ట దగ్గరికొచ్చి శాంపిలు తీసే మనిషే.

2025 ఆగస్టులో భారత సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరాక, రొయ్యల్ని మన దేశంలోనే తినిపిద్దామన్న మాట గట్టిగా వినబడింది. మంచిమాటే, మన రొయ్య మన పిల్లలు తినాల్సిందే. అయితే పరాయి దేశపు పిల్లల కోసం చేస్తున్న పరీక్ష మన పిల్లల కోసమూ జరగాలి.

రైతును దోషిగా నిలబెట్టి ఈ పని మొదలుపెడితే ఒక్క అడుగూ ముందుకు పడదు. అర్ధరాత్రి ఏరియేటర్ల హోరులో టార్చి పట్టుకుని చెక్ ట్రే పైకి లాగినప్పుడు మేత మేతలాగే మిగిలి, నీటిమీద తెల్లటి మలం పోగులు తేలితే అతని గుండె జారిపోతుంది. మేత బాకీ, కరెంటు బిల్లు, కౌలు అన్నీ ఆ ట్రేలోనే కనబడతాయి. తెల్లారేసరికి మందుల షాపు ముందుంటాడు. అతణ్ని పీడించే తెల్లమచ్చ రోగం వైరస్ వల్ల వచ్చేది. ఎదుగుదలను ఆపేసే ఈహెచ్‌పీ ఒక సూక్ష్మ పరాన్నజీవి. ఈ రెంటికీ యాంటీబయాటిక్ పనిచేయదు. ఆ మాట చెప్పే డాక్టరు చెరువుగట్టు మీద లేడు. పైగా నైట్రోఫ్యూరాన్ రొయ్య ఒంట్లో గంటల్లోనే విరిగిపోయినా, దాని ముక్కలు కండను వారాల తరబడి అంటిపెట్టుకుని ఉంటాయి. పట్టుబడికి నాలుగు రోజుల ముందు మందు ఆపితే సరిపోతుందన్న లెక్క అందుకే తప్పుతుంది.

చెరువు నీళ్లు డ్రెయిన్లలోకి వదులుతాం. మందుకు అలవాటుపడిన బ్యాక్టీరియా వాటి వెంటే ఊళ్లోకి వస్తుంది. రేపు ఎవరింట్లోనో జ్వరానికి వాడిన మందు పనిచేయకపోతే ఆ చెరువు ఎవరికీ గుర్తురాదు.

మందులకు లొంగని సూక్ష్మజీవులపై కేంద్రం 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. మరుసటి ఏడాదే కేరళ ఆరోగ్య, పశుసంవర్ధక, మత్స్య శాఖల్ని కలిపి తన సొంత ప్రణాళిక రాసుకుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 చట్టంతో ఆక్వా అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడింది. చెరువులకు లైసెన్సులిచ్చే ఆ వ్యవస్థే, రోగం ఏదో తేల్చి చెప్పే సర్కారీ ల్యాబును రైతుకు దగ్గర చేయాలి. మందుల షాపు అమ్మకాల పద్దు చూడాలి. స్థానిక బజారులో తీసిన శాంపిళ్ల ఫలితాలు పంచాయతీ గోడమీద అంటించాలి.

ఆకివీడు చేపల బజార్లో తెల్లవారుజామున బుట్టలు దిగే వేళ మొదటి శాంపిలు తీయొచ్చు. అదే ఐసు కవరు, అదే ల్యాబు.