ఆపి చూసిన సినిమాలు
(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



సినిమాల గురించి మాట్లాడాలంటే పండితులో, పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్ళో కావాలిగాని, పదో తరగతితో చదువు ఆపేసి వంటింట్లో అడుగుపెట్టిన ఈవిడకేం తెలుసని మీలో కొందరు అనుకోవచ్చు. మొదట్లో నేనూ అట్లాగే అనుకున్నాను. కాని కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి వంటమనిషే కానక్కర్లేదు, తిన్నవాళ్ళెవరైనా చెప్పొచ్చు. సినిమా కూడా అంతే. చూసినవాళ్ళకి ఏదో ఒక అభిప్రాయం వుండనే వుంటుంది. మనం దాన్ని పైకి అనం, అంతే తేడా. "ఎట్లా వుంది?" అని ఎవరైనా అడిగితే "బాగానే వుంది" అని ఊరుకుంటాం.

అసలు మనం హాల్లో ఒక సినిమాని పూర్తిగా చూసిందెప్పుడు చెప్పండి? మా అబ్బాయి చంటివాడుగా వున్నప్పుడు చూసిన సినిమాలన్నీ నాకు సగం సగమే తెలుసు. వాడు ఏడిస్తే బయటికి తీసుకువెళ్ళి వరండాలో జోకొట్టేదాన్ని. తలుపు సందులోంచి పాట వినిపించేది, బొమ్మ కనిపించేది కాదు. తిరిగొచ్చి కూర్చునేసరికి కథ నాలుగు మలుపులు తిరిగిపోయేది. పక్కనున్న మావారిని "ఏమైందండీ?" అని అడిగితే, "తర్వాత చెబుతాలే" అనేవారు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు.

2004లో మావారు బోనస్ డబ్బుతో డిస్కులు వేసే ప్లేయరు కొన్నారు. ఆయన కొన్నది క్రికెట్ ఆటల డిస్కుల కోసం, పిల్లవాడు వాడుకున్నది కార్టూన్ల కోసం. నా చేతికి రిమోటు వచ్చింది మాత్రం వాళ్ళిద్దరూ ఫోన్లలో చూసుకోవడం మొదలుపెట్టాకనే. ఇప్పుడు మధ్యాహ్నం అంట్లు కడిగేశాక, నేనూ మా అత్తయ్యగారూ కూర్చుని డిస్కులు వేసుకుంటాం. చూడగా చూడగా నాకు తెలిసిన సంగతి ఏమిటంటే, హాల్లో చూసిన సినిమా వేరు, ఇంట్లో ఆపి ఆపి చూసిన సినిమా వేరు. హాల్లో కథానాయకుడు ఎటు తీసుకువెళ్తే అటు పోతాం. ఇంట్లో ఆపి చూస్తే, ఆయన వెనకాల నిలబడ్డ ఆడవాళ్ళు కూడా కనిపిస్తారు. ఇవాళ నేను చెప్పదలచింది అదే.

ముందు డిస్కుల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. వి.సి.డి. అనేదానిలో డెబ్బై నాలుగు నిమిషాల బొమ్మ పడుతుంది. అంచేత మన పాత సినిమా ఒకటి చూడాలంటే రెండో మూడో డిస్కులు మార్చాలి. డి.వి.డి.లో అయితే సినిమా మొత్తం ఒక్కదానిలోనే వుంటుంది, బొమ్మ కూడా తేటగా కనిపిస్తుంది. పాత గ్రామఫోను రికార్డు మీద ముల్లు రాసుకుంటూ తిరిగేది కనక అది అరిగిపోయేది. డిస్కుని చదివేది సన్నని వెలుగు. చూసినంత మాత్రాన అరగదు, మన చేతి జిడ్డూ గీతలూ పడితేనే పాడవుతుంది. దుమ్ము పట్టినప్పుడు మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకి తిన్నగా తుడవాలి. మనం కంచం తుడిచినట్టు గుండ్రంగా తుడవకూడదు. ఎందుకంటే బొమ్మ వుండే గాడి గుండ్రంగానే చుట్టుకుని వుంటుంది, గీత దాని వెంట పడిందంటే బొమ్మ ఆగిపోతుంది. ఇంకో సంగతి, కొనేటప్పుడు అట్ట మీద ఎన్ని నిమిషాలో చూసుకోండి. ఒకసారి చవగ్గా వచ్చిందని కొన్న డిస్కులో రెండు పాటలే లేవు. కొన్నది ఎక్కడో చెప్పనుగాని, తెచ్చిన రోజు మాత్రం మా అత్తయ్యగారు అన్నం తినకుండా అలిగారు.

ఇక సినిమాలకి వస్తాను. "మాయాబజార్" 1957లో వచ్చింది. దర్శకుడు కె.వి.రెడ్డిగారు, కెమెరా మార్కస్ బార్ట్లీ. నిడివి మూడు గంటల పైమాటే. ఘటోత్కచుడి భోజనం దగ్గర లడ్లు వాటంతటవే లేచి నోట్లోకి పోతాయి చూశారా, అక్కడ నేను ఎన్నిసార్లు ఆపానో లెక్కలేదు. దారం ఎక్కడ కట్టారో కనిపెడదామని నా పంతం. ఇప్పటికీ దొరకలేదు. 2010లో దీనికి రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. చూడ్డానికి కన్నులపండువగానే వుంది గాని, అందులో నిడివి తగ్గించారు. అంచేత నా ఓటు నలుపు తెలుపు డిస్కుకే.

ఈ సినిమాలో పాండవులు ఒక్కసారైనా కనిపించరని మీరు గమనించారా? కథ నడిచేదంతా వాళ్ళ కష్టం వల్లనే, వాళ్ళు మాత్రం తెర మీదికి రారు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో, ఆపి చూసేదాకా నాకీ సంగతి తట్టలేదు. మనకి కనిపించేది యుద్ధం కాదు, ఒక ఇంట్లో పెళ్ళి గొడవ. చిన్నప్పుడు మేనల్లుడికి ఇస్తామని మాట ఇచ్చిన పిల్లని, ఆడబిడ్డ వాళ్ళ రాజ్యం పోగానే ఇవ్వమంటారు. ఇది ద్వారకలోనే జరగాలా? మన వీధిలో ఎన్ని ఇళ్ళలో జరగలేదు! రేవతిని చూసి అందరూ తిట్టుకుంటాం. కాని కూతురు సుఖంగా వుండాలనే తాపత్రయం ఆవిడ చేత ఎంత అన్యాయం చేయించిందో ఆలోచిస్తే, ఆవిడ పరాయిమనిషి అనిపించదు. సావిత్రి సంగతి వేరే చెప్పాలా! ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో వున్నప్పుడు ఆ నడకలో, ఆ కళ్ళలో మగతనం తొంగిచూస్తుంది, మళ్ళీ టక్కున ఆడపిల్ల అయిపోతుంది. ఇది మాత్రం ఆపకుండా చూడవలసిన ఘట్టం.

"మిస్సమ్మ" అంతకుముందు, 1955లో వచ్చింది. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. ఇందులో మేరీ పాత్రకి మొదట భానుమతిగారిని అనుకుని, తర్వాత సావిత్రికి ఇచ్చారు. ఉద్యోగం కోసం పెళ్ళయినవాళ్ళమని అబద్ధం చెప్పి, ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఒకే ఇంట్లో కాపురం నటిస్తారు. అందరూ దీన్ని హాస్యం అంటారు, నేనూ పడీపడీ నవ్వాను. కాని ఆపి ఆ పిల్ల మొహం చూడండి. ఆ విసుగు పొగరు కాదు, భయం. అప్పు తీర్చాలి, ఉద్యోగం పోకూడదు, పేరు చెడకూడదు. ఈ మూడూ ఒక్కర్తే మోస్తోంది. రామారావుగారి పాత్రకి అబద్ధం బయటపడితే ఉద్యోగం పోతుంది, అంతే. ఆ అమ్మాయికైతే బతుకే పోతుంది. ఈ తేడా హాల్లో నవ్వుల మధ్య నాకు వినిపించలేదు. నాకున్న ఒక్క ఫిర్యాదు ఏమిటంటే, చివర్లో అమ్మా నాన్నా దొరికారు, మొగుడు దొరికాడు, అంతా సంతోషమే. అంత బాగా పాఠం చెప్పిన ఆ పిల్ల ఉద్యోగం సంగతి ఎవరైనా అడిగారా?

"గుండమ్మ కథ" 1962 నాటిది. ఎన్.టి.ఆర్., ఎ.ఎన్.ఆర్. ఇద్దరూ వుండగా సినిమాకి పేరు మాత్రం సూర్యకాంతం పాత్రది. రామారావుగారు నిక్కరు వేసుకుని రుబ్బురోలు దగ్గర కూర్చున్న పాట వచ్చినప్పుడల్లా మా అత్తయ్యగారు ముసిముసిగా నవ్వుతారు. "మా రోజుల్లో మగవాడు పొత్రం పట్టుకోవడం అక్కడే చూశాం" అంటారు. గుండమ్మ సవతి కూతుర్ని పనిమనిషికన్నా హీనంగా చూస్తుంది, అది క్షమించరాని తప్పే. కాని మా అత్తయ్యగారి వాదన వేరు. "మొగుడు లేని ఆడది అంత ఆస్తి నిలబెట్టాలంటే మెత్తగా వుంటే సాగుతుందా? గట్టిగా మాట్లాడింది కనకనే నలుగురూ దోచుకోకుండా ఆగారు" అంటారు. ఆవిడా చిన్నతనంలోనే ఇంటిభారం ఎత్తుకున్నమనిషి. ఈ వాదన నాకు పూర్తిగా రుచించదు. అయినా సూర్యకాంతాన్ని చూసి నవ్వేటప్పుడు ఇప్పుడు కొంచెం తగ్గి నవ్వుతున్నాను.

"శంకరాభరణం" 1980లో వచ్చిన బొమ్మ. చిన్నప్పుడు టీవీలో చూసి, ఇదేమిటి అంతా పాటకచేరీ అని లేచిపోయాను. ఇప్పుడు చూస్తే నా కళ్ళు శాస్త్రిగారి మీద కాదు, తులసి మీదే నిలిచాయి. మంజుభార్గవికి అందులో మాటలు బహుకొద్ది. తల్లే అమ్మజూపింది, ఒకడు పాడుచేశాడు, బిడ్డ పుట్టాడు. అంత జరిగినా ఆ మనిషి సంగీతాన్ని వదలలేదు, కొడుకుని తెచ్చి గురువుగారి దగ్గర చేర్చింది. విశ్వనాథ్‌గారు ఆ మౌనాన్ని ఎంత గౌరవంగా చూపించారో! కాని ఒక గృహిణిగా నా మనసులో మాట చెబుతాను. ఆ తల్లి ఒక్కసారి నోరు విప్పి తన బాధ తనే చెప్పుకుంటే వినాలని నాకుంది.

చివరిగా నేను చెప్పబోయేది మన భాష సినిమా కాదు. మా అబ్బాయి తెచ్చిన డిస్కు, "పథేర్ పాంచాలి". సత్యజిత్ రాయ్ 1955లో తీసిన బెంగాలీ సినిమా. మాటలు బెంగాలీ, కింద అక్షరాలు ఇంగ్లీషు. ఆ అక్షరాలు నేను చదివేలోపలే మాయమవుతాయి. హాల్లో అయితే నా పని అయిపోయేది. డిస్కు కనక ఆపుకుని, కూడబలుక్కుని చదివి, అత్తయ్యగారికి తెలుగులో చెప్పేదాన్ని. రెండు గంటల సినిమా మాకు మూడు మధ్యాహ్నాలు పట్టింది.

పేద బ్రాహ్మణ కుటుంబం. పౌరోహిత్యం చేసే ఇంటాయన చేతిలో డబ్బు నిలవదు. భార్య సర్వజయ, ఇద్దరు పిల్లలు, వాళ్ళ మీద ఆధారపడ్డ ఒక ముసలావిడ. దుర్గ అనే ఆ ఇంటి పిల్ల ఎవరి తోటలోనో పళ్ళు దొంగిలించి తెచ్చి ముసలావిడకి పెడుతుంది. సర్వజయకి ఆవిడ పొడ గిట్టదు. ఆ ముసలి వేషం వేసినావిడ చునీబాలా దేవి. అది నటన అంటే నమ్మలేం. ఒకసారి ఒంట్లో బాగోలేక ఆవిడ ఆ ఇంటికే తిరిగొస్తుంది. సర్వజయ వుండమని అనదు. నీళ్ళు అడిగితే లేచి ఇవ్వదు, నువ్వే తీసుకోమంటుంది. ముసలావిడ నీళ్ళు తాగి, మిగిలినవి అక్కడున్న మొక్కకి పోసి, మెల్లగా వెళ్ళిపోతుంది. ఆ తర్వాత పిల్లలకి ఆవిడ వెదురు పొదల్లో ప్రాణం లేకుండా కనిపిస్తుంది.

నీళ్ళు అడిగిన చోట నేను డిస్కు ఆపాను. చదవడానికి కాదు. రెండురోజుల ముందు నేను పోపు వేస్తూ వుంటే అత్తయ్యగారు మంచినీళ్ళు అడిగారు. "అక్కడే బిందె వుంది, తీసుకోండి" అన్నాను. ఆవిడ మోకాళ్ళ నొప్పితో లేచి తీసుకున్నారు. ఆవేళ అదొక మాటగా కూడా నాకు అనిపించలేదు. ఇప్పుడు తెర మీద ఆ బొమ్మ కదలకుండా నిలబడిపోయింది, నేను పక్కకి తిరిగి చూడలేకపోయాను.

అత్తయ్యగారే అన్నారు, "ఆపావేం అమ్మాయ్, పోనీ. పాపం, ఆ కోడలిదీ తప్పు కాదు. ఇంట్లో బియ్యం లేనప్పుడు నోట్లోంచి మాట అట్లాగే వస్తుంది."

"మనింట్లో బియ్యం వున్నాయిగా అత్తయ్యగారూ" అన్నాను. అంతకు మించి నాకు మాట రాలేదు. ఆవిడ నా చెయ్యి నొక్కి, "వెయ్యి, తర్వాత ఏమవుతుందో చూద్దాం" అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడ మంచం పక్కన మరచెంబుతో నీళ్ళు పెడుతున్నాను. పెద్ద మార్పేమీ కాదు. కాని ఈ మాత్రం నాకు ఎవరు చెప్పినా తలకెక్కేది కాదేమో.

సోదరీమణులారా, ఇప్పుడు మా వీధిలో డిస్కులు అమ్మే దుకాణం ఒక్కటీ లేదు. మా ప్లేయరు కూడా మూత తెరుచుకోవడానికి రెండు తట్టులు తట్టమంటోంది. అయినా ఆపి చూడడానికి డిస్కే కావాలని లేదు, మీ ఫోనులోనైనా ఆపే మీట వుంది. నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని వారానికో సినిమా చూడండి. మనసు ఎక్కడ చివుక్కుమంటే అక్కడ ఆపండి, ఎందుకు చివుక్కుమందో ఇద్దరూ మాట్లాడుకోండి. ఈసారి ఎవరైనా "ఎట్లా వుంది?" అని అడిగితే మాత్రం "బాగానే వుంది" అని ఊరుకోకండి. మీ మాట మీరు చెప్పండి.